వినకుండా రాసిన కార్డు

మా కోడలు పొద్దున్నే కాఫీ గ్లాసుతో పాటు ఫోను కూడా తెచ్చి నా ముందు పెట్టింది. "మామయ్యా, మీ పిడుగురాళ్ల ఆమేనంట, అందరూ ఈమె పాటలే పంపుకుంటున్నారు" అని చెప్పి వంటింట్లోకి వెళ్లిపోయింది. కళ్లజోడు సవరించుకుని చూస్తే ఖాసింబీ అక్క. డెబ్బయ్యేళ్లు దాటిన మనిషి, కొంగు నెత్తిమీదుగా కప్పుకుని, దాని మీద నల్లటి హెడ్‌ఫోన్లు పెట్టుకుని మైకు ముందు కూర్చుని ఉంది. నరసరావుపేటలో నేనుండే పేటకి నాలుగు వీధుల అవతలే ఎవరో కుర్రాళ్లకి చిన్న స్టూడియో ఉందట. అక్కడ ఆమె చేత ఆరు పాటలు పాడించి లోకం మీదకి వదిలారు. నలభై ఏళ్లు పైగా నోరు విప్పని మనిషి మళ్లీ పాడింది. నాలుగు వీధుల అవతల ఇంత జరిగితే నాకు ఫోనులో తెలిసింది. కాఫీ చల్లారిపోయింది. పాట నొక్కడానికి ముందు నేను చేసిన పని ఏమిటంటే, కింద జనం ఏం రాశారో చదవడం.

బోలెడు మంది రాశారు. ఒకాయన, గొంతులో జీర అలాగే ఉంది, మా పెళ్లి ఊరేగింపులో ఈమె పాడింది, మా ఆవిడ ఇప్పుడు పక్కన కూర్చుని ఏడుస్తోంది అని రాశాడు. ఒకడికి వెనక వాయిద్యాల మోత ఎక్కువైంది. ఇంకొకడికి చాలలేదు. దాచేపల్లి నుంచి ఒక లారీ డ్రైవరు, రాత్రంతా ఈ ఆరు పాటలే తిప్పి తిప్పి విన్నాను, నిద్ర రాలేదు, థాంక్స్ అమ్మా అన్నాడు. ఒక పెద్దమనిషి మాత్రం, ఈ వయసులో ముసలామెను ఇలా కష్టపెట్టడం దేనికని కుర్రాళ్లను కోప్పడ్డాడు. శ్రుతి బాగా దించి పాడటంలో లోతు ఉందని ఒక సంగీతజ్ఞుడు పేరా పొడుగున రాశాడు. ఇవన్నీ చదువుకుంటూ పోతే ఒకచోట ఒక కుర్రాడు, "ఇంకా వినలేదు గానీ సూపర్ అమ్మమ్మా" అని రాసి నాలుగు పూలు పెట్టాడు. దాని కింద ఎవరో వాణ్ణి వెక్కిరించారు, వినకుండా అభిప్రాయం ఏందిరా అని. నాకు నవ్వు రాలేదు. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, ఫోను బోర్లా పెట్టేసి వంటింటి వైపు చూశాను, మా కోడలు నన్ను గమనించిందేమోనని.

మా ఇల్లు అప్పట్లో పిడుగురాళ్లలో సున్నపు బట్టీలకు దగ్గర్లో ఉండేది. మా నాన్న బట్టీలో మేస్త్రీ. ఆ ఇంట్లో అన్నిటికీ సున్నం వాసనే. దుప్పట్లకీ, నీళ్ల బిందెకీ, నాన్న తెచ్చే మిఠాయి పొట్లానికీ. సాయంత్రం ఆయన వచ్చేసరికి మా అమ్మ గడప దగ్గర తడిగుడ్డ వేసి ఉంచేది. కాళ్లు దాని మీద తుడుచుకుని, పగిలిన మడమలకి ఆముదం రాసుకుని, అప్పుడు గానీ ఆయన లోపలికి వచ్చేవాడు కాదు. వచ్చాక చేతులు రెండుసార్లు కడుక్కుని అలమార పైనుంచి రేడియో దించేవాడు. దానికి మా అమ్మ ఊలుతో అల్లిన చొక్కా ఒకటి ఉండేది. ఇంట్లో మా ఎవరికీ అంత మంచి చొక్కా లేదు. బ్యాటరీలు నీరసించినప్పుడు వాటిని పిట్టగోడ మీద ఎండలో పెట్టేవాళ్లం. ఎండ తిన్న బ్యాటరీలు ఒకపూట గట్టిగా మాట్లాడి మళ్లీ పడుకునేవి. జొన్నన్నం, గోంగూర, వార్తలు, ఆ తర్వాత వ్యవసాయం మాటలు. మాకు సెంటు పొలం లేదు, అయినా మిరప తోటకి ఏ మందు కొట్టాలో మా నాన్న నోటికి చెప్పేవాడు. ఇప్పుడు మా ఇంట్లో తలకొక ఫోను ఉంది, ఎవరి చెవిలో ఏం మోగుతుందో ఎవరికీ తెలియదు. అప్పుడు మాత్రం ఒక రేడియో మోగితే అటూ ఇటూ నాలుగిళ్లకు వినపడేది, వినాలని లేనివాళ్లక్కూడా.

గోడ పక్క ఇల్లు సైదులన్నది. ఆయన బ్యాండు మేళంలో క్లారినెట్ వాయించేవాడు, మేళానికి పెద్ద కూడా ఆయనే. పొద్దున్నే క్లారినెట్ పీకను గాజు గ్లాసులో నానేసి, అది మెత్తబడేదాకా ఎవరితోనూ మాట్లాడేవాడు కాదు. మొగుడు పోయాక చంటిపిల్లాణ్ణి చంకనేసుకుని ఆ ఇంటికి చేరింది ఆయన చెల్లెలు ఖాసింబీ. ఆమె ఉల్లిపాయలు తరుగుతూ తీస్తున్న రాగం విని, ఇంత గొంతు పొయ్యి దగ్గర పెట్టుకుని నేను పక్క ఊళ్ల నుంచి పాటగాళ్లను ఎందుకు పిలిపిస్తున్నానని ఆయనకి అనిపించిందట. చుట్టాలు ఎన్ని మాటలన్నా లెక్కచేయకుండా మేళంలోకి తీసుకున్నాడు. రిక్షా మీద బ్యాటరీ, హారన్, పక్కన నడుస్తూ మైకు పట్టుకుని ఖాసింబీ అక్క. సన్నగా తీయగా ఉండే గొంతు కాదు ఆమెది. లోతైనది, అడుగున కాస్త గరుకు, పాత ఇత్తడి గిన్నె మీద గరిట గీసినట్టు. గురజాలలో, మాచర్లలో పెళ్లివాళ్లు ముహూర్తం కుదిరాక ముందు అడిగేది ఆ మేళం ఖాళీగా ఉందా అనే. మధ్యాహ్నాలు ఆ అన్నాచెల్లెళ్లు సాధన చేస్తుంటే గోడ ఇవతల నేను పుస్తకం ముందేసుకుని వినేవాణ్ణి. ఆమె ఎప్పుడు తొందరపడ్డా సైదులన్న వాయింపు ఆపి ఒకే మాట అనేవాడు. "రెండో చరణానికి దమ్ము దాచుకోవే." అది ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు.

ఇక నా సంగతి. నాకు పదిహేడేళ్లు, పల్నాటి యువ శ్రోతల సంఘానికి అధ్యక్షుణ్ణి. ఆ సంఘంలో నేను తప్ప ఇంకో మనిషి లేడు. ఆ రోజుల్లో ఊరూరా ఇలాంటి సంఘాలుండేవి. రేడియోలో ఏది వచ్చినా పోస్టుకార్డు రాయడం, కింద పదిమంది పేర్లు తగిలించడం, ఆదివారం ఉత్తరాల కార్యక్రమంలో ఆ పేర్లు చదివితే వీధిలో ఛాతీ విరుచుకుని తిరగడం. పేర్లు ఎవరివని అడక్కండి. టైలరువి, పాలాయనవి, బడిలో మాస్టారివి, ఎవరి పేరు గుర్తొస్తే వాళ్లది. వాళ్లని అడిగే అలవాటు లేదు. రేడియోలో పేరొచ్చిందంటే వాళ్లే సంబరపడి టీ ఇప్పించేవాళ్లు. ఇంకో కిటుకు కూడా ఉండేది. బుధవారం రాత్రి పాట విని అప్పుడు రాస్తే కార్డు ఆ వారం ఉత్తరాలకు అందేది కాదు. అందుకని బుధవారం మధ్యాహ్నం, తపాలా డబ్బా తాళం తీయకముందే, రాత్రి రాబోయే పాట మీద అభిప్రాయం రాసి పడేసేవాళ్లం. పాట పేరు పొద్దున ప్రకటనలో చెబుతారు. మిగతాది మన తెలివి. శ్రావ్యంగా ఉంది, మనసును తాకింది, మళ్లీ మళ్లీ వినాలనిపించింది. వినడం ఒక్కటే తక్కువ.

అయితే ఇలా మెచ్చుకున్న కార్డుల్ని పూర్తిగా చదివేవాళ్లు కాదు, అవి బస్తాల కొద్దీ వచ్చేవి. తప్పు పట్టిన కార్డులే మొదటినుంచి చివరిదాకా చదివి, వాటికి జవాబు కూడా చెప్పేవాళ్లు. ఈ రహస్యం కనిపెట్టాక నేను సత్యాగ్ని అని ఒక కలం పేరు పెట్టుకున్నాను. ఆ పేరు నాదని ఎవరికీ చెప్పలేదు. పేరు మోగిపోయాక ఒక్కసారిగా బయటపెట్టి వీధిని ఆశ్చర్యపరుద్దామని. అదే రోజుల్లో ఖాసింబీ అక్క రేడియో పరీక్షలో నెగ్గింది. పాట రికార్డింగుకి సైదులన్న తనే ఆమెను తీసుకెళ్లాడు గానీ, అక్కడ వాయించడానికి వాళ్ల మనుషులున్నారు, మీ క్లారినెట్ అక్కర్లేదన్నారట. వచ్చాక రెండు రోజులు ముభావంగా ఉన్నాడు. తర్వాత ఆయనే వీధంతా తిరిగి చెప్పుకున్నాడు, మా చెల్లి పాట బుధవారం రాత్రి వస్తోందని.

ఆ బుధవారం మధ్యాహ్నం నేను కార్డు తీశాను. మన వీధి మనిషినైనా సరే మొహమాటం లేకుండా విమర్శించే నిష్పక్షపాతి సత్యాగ్ని అని లోకానికి తెలియాలి గదా. ఏం తప్పు రాయాలో తెలియలేదు. పాట ఇంకా రానేలేదాయె. గోడ అవతలి మాట గుర్తొచ్చింది. గాయని రెండో చరణానికి దమ్ము దాచుకోలేదనీ, అక్కడ గొంతు వణికిందనీ, పెళ్లి ఊరేగింపులకు సరిపోయే గొంతు రేడియోకు సరిపోదనీ రాశాను. ఈ చివరి వాక్యం రాసుకుని మురిసిపోయాను. తూకం బాగా కుదిరిందనిపించింది. కింద పేర్లు రాయాలి. సంగీతం తెలిసినవాడి పేరుంటే బరువొస్తుందని, అన్నిటికంటే ముందు క్లారినెట్ విద్వాంసులు సైదులు అని రాశాను. ఆయన్ని గౌరవించాననే అనుకున్నాను. ఈ మాట చెబితే ఎవరూ నమ్మరు, కానీ నిజం. విద్వాంసులు అని ఎవరన్నా ఆయన్ని అన్నారా ఎప్పుడైనా? ఆ మాట రేడియోలో వింటే పొంగిపోతాడనుకున్నాను.

కార్డు డబ్బాలో వేసి, సాయంత్రం సినిమాకి పోయాను. సైదులన్న ఆ రోజే మేళంతో గురజాల పెళ్లికి వెళ్లాడు, వరస ముహూర్తాలుండటంతో సోమవారం దాకా తిరిగి రాలేదు. మా ఇంట్లో మా అమ్మా ఖాసింబీ అక్కా రేడియో ముందు కూర్చుని పాట విన్నారట. తెల్లారి బావి దగ్గర అక్క కనపడి, పాట ఎట్టా ఉందిరా అబ్బాయ్ అని అడిగింది. చాలా బాగుందక్కా అన్నాను. ఆమె బిందె కింద పెట్టి, నిజంగానా అని మళ్లీ అడిగింది. నిజంగానే అన్నాను. చదువుకునే పిల్లాడివి నువ్వు బాగుందంటే బాగున్నట్టే అంది.

ఆదివారం ఉత్తరాలు వచ్చే వేళకి ఆమె సేమియా వండి పళ్లెంలో పెట్టుకుని మా ఇంటికి వచ్చింది. తన పాట గురించి ఎవరన్నా ఒక ముక్క రాసి ఉంటారని ఆశ. మా అమ్మ ఇద్దరు ముగ్గురు ఆడవాళ్లను కూడా పిలిచింది. నేను గడప మీద కూర్చున్నాను. మూడో ఉత్తరమో నాలుగోదో, పిడుగురాళ్ల నుంచి సత్యాగ్ని అని వినపడింది. ఆ క్షణంలో నాకు కలిగింది సిగ్గు కాదు, సంతోషం. ఒళ్లు జలదరించేంత సంతోషం. పక్కన ఆ మనిషి కూర్చుని ఉందన్న స్పృహ నాకు నిజంగా లేదు. కార్డు మొత్తం చదివారు. పెళ్లి ఊరేగింపుల వాక్యాన్ని ఒత్తి మరీ చదివారు. ఆ తర్వాత పేర్లు. క్లారినెట్ విద్వాంసులు సైదులు అన్న పేరు ఆ గదిలో పడ్డాక గానీ నేను తలెత్తి ఆమె వైపు చూడలేదు. సేమియా తింటున్న ఆడవాళ్లు చేతులాపేశారు. ఇంత నిష్పక్షపాతంగా అభిప్రాయం చెప్పినందుకు ధన్యవాదాలని రేడియో నాకు చెబుతోంది. ఖాసింబీ అక్క లేచి, పళ్లెం కడిగి, తడి తుడుచుకుని, మా అమ్మతో ఒకే మాట అంది. "దమ్ము దాచుకోమనేది మా భాయి మాటేనమ్మా. ఇంకెవరికి తెలుసు ఆ మాట?"

మర్నాడు సైదులన్న వచ్చాక గోడ అవతల వాళ్ల భాషలో పెద్ద గొడవ. ఆయన అల్లా మీద ఒట్టేసి చెప్పడం నాకు వినపడింది. ఆమె గొంతు వినపడలేదు. వారం తిరక్కముందే పిల్లాణ్ణి తీసుకుని బట్టీల వెనక ఒక రేకుల గదిలోకి మారిపోయింది. మా నాన్న దగ్గరే రాళ్లు ఏరే పనిలో చేరింది. రేడియో వాళ్లు ఇంకోసారి పిలిచారు, వెళ్లలేదు. పనిలో కూనిరాగం కూడా తీయదని మా నాన్న అన్నం తింటూ చెప్పేవాడు. ఏటా పండక్కి సైదులన్న సేమియా గిన్నె పట్టుకుని ఆ రేకుల గది దాకా వెళ్లి, అలాగే మూతతో వెనక్కి తెచ్చేవాడు. ఆ గిన్నె నేను మా కిటికీలోంచి చూసేవాణ్ణి. చెప్పాలనుకున్నాను. పరీక్షలయ్యాక చెబుదామనుకున్నాను, ఉద్యోగం వచ్చాక అనుకున్నాను. ఉద్యోగమొచ్చి క్రోసూరు బడికి తెలుగు పంతులుగా పోయాక, ఇప్పుడు చెప్పి పాత గాయం కెలకడం దేనికి అనుకున్నాను. తేలు కుట్టిన దొంగకి ఎన్ని సాకులైనా దొరుకుతాయి. సైదులన్న పోయిన కబురు మా అమ్మ రాసిన ఉత్తరంలో తెలిసింది. చెల్లెలు వచ్చి వాకిట్లోనే నిలబడి చూసి వెళ్లిందని రాసింది. ఆ తర్వాత నేను కథలు రాశాను, సన్మానాలు చేయించుకున్నాను, నిజాయితీ గురించి పిల్లలకు ముప్పై ఏళ్లు పాఠాలు చెప్పాను. ఈ కార్డు గురించి మాత్రం ఎక్కడా ఒక్క ముక్క రాయలేదు.

కోడలు ఫోను చూపించిన రోజు ఆ ఆరు పాటలూ మూడుసార్లు విన్నాను. రెండు రోజుల తర్వాత ఒక అమ్మాయి ఫోను చేసింది. పేరు రేష్మ, ఖాసింబీ అక్క మనవరాలు. నానమ్మ పాటల మీద పెద్దవాళ్ల అభిప్రాయాలు వీడియో తీసి పెడుతున్నారట. ఎవర్ని అడుగుదామంటే నానమ్మ నా పేరు చెప్పిందట. గోడ పక్క పిల్లాడు, చిన్నప్పుడు నా పాట బాగుందన్నాడు, ఇప్పుడు పెద్ద రచయిత అయ్యాడు, వాణ్ణి అడగండి అని. ఆ అమ్మాయి చాలా మర్యాదగా అడిగింది. వస్తానన్నాను.

పిడుగురాళ్లలో బస్సు దిగి నడిచాను. రేకుల గది ఉన్నచోట ఇప్పుడు రెండు గదుల డాబా. ఖాసింబీ అక్క వాకిట్లో మంచం మీద కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది. నన్ను గుర్తుపట్టి పక్కన చోటిచ్చింది. మా అమ్మ ఎప్పుడు పోయింది, పిల్లలెంతమంది, అన్నీ అడిగింది. రోజూ పొద్దున మనవరాలు ఫోనులో జనం రాసినవి చదివి వినిపిస్తుందట. బాగుందన్నవి ఒకసారి, బాగాలేదన్నవి రెండుసార్లు చదివించుకుంటుందని రేష్మ నవ్వుతూ చెప్పి, ఫోను నా ముఖానికి ఎదురుగా పట్టుకుంది. చెప్పండి తాతయ్యా, నానమ్మ పాటలు ఎలా ఉన్నాయి అంది. నేను ఫోను పక్కన పెట్టమన్నాను. వచ్చేటప్పుడు బస్సులో కూర్చుకున్న మాటలన్నీ వదిలేశాను.

"అక్కా, ఆ కార్డు రాసింది నేను. సత్యాగ్ని అంటే నేనే. సైదులన్నకి తెలీదు."

ఆమె చేతిలో చింతపండు అలాగే ఉంది. రేష్మకి ఏమీ అర్థం కాక మా ఇద్దర్నీ మార్చి మార్చి చూస్తోంది. ఆమె, భాయి పేరు ఎందుకు రాశావని అడిగింది. చెప్పాను. దమ్ము మాట ఎక్కడిదంది. గోడ మీదుగా విన్నానని చెప్పాను. తిడుతుందనుకున్నాను, తిడితే బాగుండని కూడా అనుకున్నాను. ఆమె తిట్టలేదు. కొంగుతో చేతులు తుడుచుకుని, నా వైపు తిరిగి కూర్చుంది.

"సరే, రాశావు. చిన్నోడివి. ఒక్కటి చెప్పు అబ్బాయ్. రెండో చరణంలో నా గొంతు యాడ వణికింది? ఇన్నేళ్లూ ఆ పాట లోపల్లోపలే పాడుకుంటన్నా. రాళ్లేరతా పాడుకున్నా, జొరమొచ్చి పడుకున్నప్పుడూ పాడుకున్నా. యాడనో నాకు దొరకలా. నువ్వు చెవిపెట్టి విన్నోడివి గదా, చెప్పు. అందుకే ఇప్పుడు కూడా చానా శ్రుతి దించి పాడినా."

ఏదో ఒక చోటు చెప్పేద్దామా అని నిజంగానే అనిపించింది. ఫలానా మాట దగ్గర అంటే నమ్మేది. ఆమెకి కూడా ఒక జవాబు దొరికేది. నలభై ఏళ్ల తర్వాత కూడా నాకు ముందు తోచింది అబద్ధమే.

"నేను వినలేదక్కా. పాట రాకముందే మధ్యాహ్నం కార్డు వేసేశా. రాత్రి సినిమాకి పోయా."

"తెల్లారి బావికాడ బాగుందన్నావే."

"అప్పటికీ వినలేదు."

ఆమె వీధి వైపు తిరిగింది. లారీలు పోతున్నాయి. మాట్లాడినప్పుడు నాతో కాదు, మనవరాలితోనూ కాదు, ఎవరితోనో అన్నట్టు చిన్నగా మాట్లాడింది.

"మా భాయి విన్నాడు. గురజాలలో పెళ్లోళ్లు అరుస్తున్నా మేళం ఆపించి మరీ విన్నాడంట. రెండో చరణమే బాగా పాడావే అన్నాడు. నేను నమ్మలా."

లేచి, గోడ పట్టుకుని లోపలికి వెళ్లిపోయింది. చింతపండు పళ్లెం మంచం మీదే ఉంది. రేష్మ ఫోను ఒళ్లో పెట్టుకుని తల దించుకుని కూర్చుంది. నేను వాకిట్లో నిలబడి ఉన్నాను. నన్ను పొమ్మని ఎవరూ అనలేదు, కూర్చోమనీ అనలేదు.